ఎండిన బోరు దగ్గర అలల హోరు

రెడ్డిగూడెం దాటాక సీతారామాంజనేయులు గారి మామిడితోటలో ఓ పాత పంపుషెడ్డు ఉంది. చీకటి పడితే అటు ఎవరూ వెళ్లరు. బోరు ఎండిపోయి పదేళ్లయింది... అయినా రాత్రయితే అక్కడ నీళ్లు పొర్లుతున్న చప్పుడు వినిపిస్తోందని ఈ కాయల సీజనులో పుట్టిన మాట. కోతకొచ్చిన కూలీలు పొద్దు వాలకముందే రోడ్డెక్కేసేవాళ్లు. కొత్త కాపలావాడు ఎక్కడ పడుకుంటాడో ఎవరూ అడగలేదు.

నర్సు సుభద్ర నాతో చెప్పిందే మీకు చెబుతున్నాను. తల్లీబిడ్డా క్షేమం — అది ముందే చెప్పేస్తున్నా. మిగతాదానికి భయపడండి.

మే నెలలో ఓ రాత్రి పదకొండింటికి ఆమెకు ఫోనొచ్చింది.

“నేనండీ, మార్టిన్ని. తోట కాపలా. మా ఆవిడ షాలోమికి నొప్పులొస్తున్నాయి. అంబులెన్సుకి దారి చూపించడానికి రోడ్డు మీదున్నాను. మీరు ముందు ఇంటికెళ్లి చూస్తారా?”

“ఇల్లెక్కడ?”

“పంపుషెడ్డేనండీ.”

సుభద్ర టార్చి వెతికి తీసుకుంది. తర్వాత చెప్పులేసుకుంది.

తోటలో కరెంటు లేదు. ఆకు కదలడం లేదు. టార్చి వెలుగులో సగం దూరం వెళ్లేసరికి వినిపించింది — హోరు. దగ్గరికొచ్చి, విరిగి, వెనక్కి పోతోంది... మళ్లీ వస్తోంది.

సముద్రం. ఒడ్డుకి తొంభై కిలోమీటర్ల అవతల, మామిడిచెట్ల మధ్య...

వెనక్కి తిరుగుదామనుకుంది. కానీ అక్కడ ఓ అమ్మాయి నొప్పులు పడుతోంది. రెండడుగులు ముందుకేసింది — ఏదో మొహాన్ని పట్టేసింది. మెత్తగా, చల్లగా. విదిలించుకోబోతే చేతులూ చిక్కుకున్నాయి.

“కదలకమ్మా...” చెవి పక్కనే ఓ ముసలి గొంతు. “చిరిగిపోతుంది.”

సుభద్ర చేతిలోంచి టార్చి జారిపడింది.

ఆ ముసలావిడ దాన్ని తీసి వెలిగించింది. మార్టిన్ తల్లి జోజమ్మ. “చేపల వల. కోతులు రాకుండా చెట్లకి కట్టాం. ఇక్కడ దానికింకేం పనుంది?”

షెడ్డులో షాలోమి నులకమంచం మీద పడుకునుంది. ఇంకా టైముంది. సుభద్ర ఊపిరి పీల్చుకుని, గొంతు తగ్గించి అడిగింది. “మరి ఆ హోరేంటండీ?”

“మా ఊరిదే. మచిలీపట్నం అవతల, ఒడ్డున ఇల్లుండేది. ఏటికేడు అలలు లోపలికొచ్చి, పోయినేడు గోడలు లాక్కుపోయాయి. మళ్లీ కట్టుకుంటామంటే ఆఫీసరు మ్యాపు తీశాడు. ఒడ్డు జరిగింది కాబట్టి, ఇది దాటి ఇళ్లు కట్టొద్దని గీసిన గీత కూడా జరిగిందట. గీత లోపల కడితే తీరం చట్టం ఒప్పుకోదట. సరే, ఇంత దూరం జరిగాం. ఆ చప్పుడు లేకపోతే నాకు నిద్రపట్టదని మావాడు ఫోనులో రికార్డు చేసిచ్చాడు.”

సుభద్రకి నవ్వాగలేదు. ఊరందర్నీ హడలగొట్టింది ఈవిడ నిద్రన్నమాట. స్టెతస్కోపు చెవులకి పెట్టుకుంది. “బిడ్డ గుండె వినాలి. ఆ ఫోను కాస్త ఆపండి జోజమ్మగారూ.”

జోజమ్మ దిండు కిందనుంచి ఫోను తీసి చూపించింది. తెర నల్లగా ఉంది.

“కరెంటు పోయి రెండ్రోజులైంది కదమ్మా. నిన్ననే ఛార్జింగు అయిపోయింది.”

బయట హోరు దగ్గరికొచ్చింది... విరిగింది... వెనక్కి పోయింది.

“వెతుక్కుంటూ వచ్చేసినట్టుంది,” గుసగుసగా అంది జోజమ్మ, గుమ్మం వైపు చూస్తూ. “ఆ ఆఫీసరుకి మాత్రం తెలియనీయకు నర్సమ్మా... ఇక్కణ్ణించి కూడా జరగమంటాడు.”