చెవి లోపలి చప్పుడు

ముందు ఆ ఇకిలింపు ఆపి విను. ఒప్పుకున్న పనిని "ఏమవుతుందిలే" అని గాలికొదిలేసే బుద్ధి నీకూ ఉంది, బుకాయించకు. నేను చెప్పబోయేవాడిదీ అదే బుద్ధి.

ఒడ్డున చిన్న గది. దూరంగా సముద్రం అడుగున ఒక అగ్నిపర్వతం. దాని చుట్టూ దించిన మైకులు నీళ్ళలోని ప్రతి చప్పుడునూ తీగ మీదుగా ఆ గదికి చేరవేస్తాయి. కొండ కింద భూమి అదిరితే గంట మోగుతుంది. వాడి ఉద్యోగం వినడమే. అదురు ఆగకుండా సాగితే, పైన ఉన్న పడవను వెంటనే వెనక్కి పిలవాలి.

పడవలో మరో ముగ్గురితో వెళ్ళి మైకులు బాగుచేసేవాడు వాడి బావమరిది. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు.

"బావా, కొండ నెత్తిమీదకొచ్చాం. కునుకు తీయకు," అన్నాడు ఆ మధ్యాహ్నం రేడియోలో.

"నీ మోటారు రొదకి కునుకొకటా! దీనికంటే మీ అక్క గురకే నయం."

"అక్కతో చెప్పనా?"

"చెప్పి చూడు, మా గుమ్మం ఎక్కనివ్వను."

మోటారు రొదకు కూడా గంట మోగుతుంది. ఆ గోల పడలేక, పడవ కొండ మీద ఉన్నంతసేపూ మైకులూ గంటా ఆపేసి పడుకోవడం వాడికి అలవాటు. సరిగ్గా వినవలసిన వేళ అదేనని తెలియదా? తెలుసు. అయినా ఆపేశాడు.

లేచేసరికి రేడియో మూగబోయింది. అడుగున కొండ పేలి, సముద్రం కుతకుతా ఉడికి పడవను మింగేసింది.

"మైకులు ముందే చెడిపోయాయి, నాకేమీ వినబడలేదు," అన్నాడు అందరితో. భార్య నెత్తిన చెయ్యిపెట్టి మరీ ఒట్టేశాడు.

కొన్నాళ్ళకు, ముసురు పట్టిన ఒక సాయంత్రం, గదిలో ఒంటరిగా ఉన్నాడు. తడి ఇనుము వాసన. దానిలోంచి మెల్లగా, కాలిన అగ్గిపుల్ల వాసన...

టక్.

తలెత్తాడు. స్పీకరు ఆపేసే ఉంది.

టక్... టక్...

ఇనుప తలుపును లోపలినుంచి ఎవరో కొడుతున్నారు. ప్లగ్గు పీకేశాడు. చప్పుడు ఆగలేదు. ఇంకా దగ్గరికొచ్చింది.

"బావా..." నీళ్ళు నిండిన గొంతు. "పడవ తలుపు తెరుచుకోవట్లేదు బావా..."

రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. అప్పుడు తెలిసింది. చప్పుడు గదిలో లేదు. చెవుల లోపల ఉంది.

ఇంటికి పరుగెత్తాడు. భార్య ఎదురొచ్చి ఏదో అడిగింది. పెదవులు కదిలాయి, మాట వినబడలేదు. వాన వినబడలేదు. తన అరుపు తనకే వినబడలేదు. ఆమె వాడి చెయ్యి లాగి, వాడి చెవికి తన చెవి ఆనించింది.

కదలలేదు... చాలాసేపు కదలలేదు.

తర్వాత వెనక్కి జరిగింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమన్నాడు? ఏమన్నాడే?" అని అరిచాడు.

ఆమె ఏదో చెప్పింది. వాడికి వినబడలేదు. ఆ రాత్రే వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

ఉద్యోగం పోయింది. ఇల్లాలు పోయింది. లోకంలోని చప్పుళ్ళన్నీ పోయాయి, ఆ ఒక్కటి తప్ప. వాడి బద్ధకానికి, వాడి దొంగ ఒట్టుకు వాడు చెల్లించిన మూల్యం అదీ.

పడవతో పాటు మునిగింది నలుగురే. ఇప్పుడు వాడి చెవిలో తలుపు కొడుతున్నవాళ్ళు... అంతకంటే చాలామంది, ఆ సముద్రం ఇదివరకు మింగినవాళ్ళంతా.