టిన్ హిల్ గాలిగొట్టం

టిన్ హిల్ ఊరి చివర, తెల్లమట్టి దిబ్బల మధ్య, నేల్లోంచి పొడుచుకొచ్చిన ఒక గాలిగొట్టం ఉంది. తుప్పు పట్టిన రేకు గొట్టం, మనిషి నడుమెత్తు ఉంటుంది. చీకటి పడ్డాక దాని దగ్గరికి ఒంటరిగా ఎవరూ పోరు.

ఎందుకంటే... అది మూలుగుతుంది.

ఆ ఎడారి ఊళ్ళో సగం ఇళ్ళు నేల కిందే. పైన ఎండకి రాయి పగులుతుంది కాబట్టి, ఓపల్ అనే రంగురాళ్ళ కోసం తవ్విన గోతుల్లోనే జనం మంచాలేసుకుని కాపురాలు చేస్తారు. అలాంటి ఓ గోతిలోకి మిర్కో అనే క్రొయేషియా మనిషి, తెల్లారితే పెళ్ళనగా, పెళ్ళికూతురి ఉంగరానికి రాయి తెస్తానని దిగాడట. పైకప్పు కూలిందట. అప్పట్నుంచీ ఆ గొట్టంలోంచి...

ఈ కథ చెప్పడంలో గ్వెండా పాస్కోని మించినవాళ్ళు లేరు. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ టూరు బస్సు నడుపుతోంది. మూడు రోజులు కంగారూ దీవి, తర్వాత ఉత్తరానికి తిరిగి ఎడారి ఊళ్ళు. నెలకి రెండు ట్రిప్పులు. టిన్ హిల్‌లో ఒక్క రాత్రి బస, ఆ రాత్రికి ఈ కథ. నిజానికి పెళ్ళికూతుర్ని కథలో కలిపింది గ్వెండాయే. బారులో ఎవరో చెప్పినప్పుడు కథలో గోతి, మిర్కో మాత్రమే ఉన్నారు. ఉత్త గోతికి ఎవరు భయపడతారని, రెండో ఏట ఓ పెళ్ళికూతుర్ని కల్పించి పడేసింది.

ఆరేళ్ళ కిందట గొట్టం నిజంగానే మూలగడం మొదలెట్టింది. గాలి... అనుకుంది గ్వెండా. గట్టిగా అదే అనుకుంది.

ఆ ట్రిప్పులో పన్నెండు మంది, అందరూ బల్లరాట్ పట్నం నుంచి వచ్చిన రిటైరైన వాళ్ళు. చిన్నపిల్లలు నయం. దీవిలో పెంగ్విన్లు ఒడ్డుకొచ్చే వేళకి కదలకుండా ఉండండమ్మా అంటే, పన్నెండు మందీ ఇసకలో బోర్లా పడుకుని, ఒకళ్ళ నోరు ఒకళ్ళు మూసుకుంటూ కిసకిసా నవ్వారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మెర్ల్ హ్యాచర్ అయితే, దారికి అడ్డంగా పడుకున్న సముద్ర సింహాన్ని పట్టుకుని, "జరుగు నాయనా, ఇది మీ తాతగారి పడకగది కాదు" అని గదమాయించింది. అది జరిగింది కూడా! ముప్ఫై నాలుగేళ్ళు ఛాతీ జబ్బుల వార్డులో నర్సుగా చేసిన మనిషి. ఆవిడ మాట రోగులే కాదు, జంతువులూ వింటాయి.

టిన్ హిల్ చేరిన రాత్రి గ్వెండా అందర్నీ గొట్టం చుట్టూ నిలబెట్టింది. టార్చిలైటు గడ్డం కింద పెట్టుకుంది. పెళ్ళికూతురు తెల్ల గౌనులో గోతి అంచున నిలబడి పిలిచిన దాకా వచ్చి... ఆగింది.

గొట్టంలోంచి వచ్చింది.

"ఆ... ఆఁ... ఓయ్..."

అంతే! కెవ్వుమని కేకలు. ఆ వెంటనే చప్పట్లు. కసాయి కొట్టు నడిపిన క్లిఫ్ ఈలేసి, "ఇంకొక్కసారి మిర్కో!" అన్నాడు. మిర్కో ఇంకొక్కసారి మూలిగాడు. మళ్ళీ చప్పట్లు.

మెర్ల్ మాత్రం తల పక్కకి వాల్చి వింది. "ఎప్పుడూ ఇలాగే ఉంటుందా, అమ్మాయ్?"

"ఇవాళ బాగా కుదిరింది," అంది గ్వెండా మురిసిపోతూ.

రాత్రి పదకొండున్నరకి గ్వెండా గది తలుపు దబదబా మోగింది. మెర్ల్ చెల్లెలు డల్సీ, జుట్టుకి చుట్టుకున్న రోలర్లతో నిలబడి ఉంది.

"అక్క మంచం మీద లేదు. బూట్లు లేవు. టార్చి లేదు..."

గ్వెండాకి నిద్ర ఎగిరిపోయింది. ఆ ఊరి చుట్టూ మూతల్లేని గోతులు వేలకి వేలు. ఒక్కోటి తొంభై అడుగుల లోతు. పగలే వెనక్కి అడుగేయొద్దని బోర్డులు పెట్టిన చోటు. ఇంత రాత్రప్పుడు, మోకాళ్ళ నొప్పుల ముసలావిడ...

"పావుగంటలో నేను రాకపోతే పోలీసుకి ఫోన్ చెయ్యండి. మీరు మాత్రం గడప దాటొద్దు."

బయట చంద్రుడు లేడు. చలి ఎముకల్లోకి దిగుతోంది. లారీ చక్రాల గాడి మీదే కాలు పెడుతూ, ప్రతి అడుగుకీ ముందు టార్చి వేసి చూసుకుంటూ నడిచింది గ్వెండా. "మెర్ల్..." అని పిలిచింది. అడుగడుక్కీ పిలుస్తూనే పోయింది.

తెల్లదిబ్బలు దాటింది. గొట్టం కనిపించింది.

దాని చుట్టూ ఎవరూ లేరు.

అప్పుడు... నవ్వు.

కిలకిలమని ఆడమనిషి నవ్వు. గొట్టంలోంచి!

 ఏ దెయ్యమైనా అయ్యుంటే గ్వెండా తట్టుకునేదేమో. కానీ కింద నవ్వుతున్నది పెళ్ళికూతురు. ఆ పిల్ల ఎవరికీ పుట్టలేదు, ఎక్కడా బతకలేదు. ఒకానొక మధ్యాహ్నం బస్సుకి డీజిలు కొట్టించుకుంటూ తనే పుట్టించింది. తను పుట్టించింది తన కాళ్ళ కింద నవ్వుతోంది...

ఇంకో గొంతు. మగ గొంతు. బొంగురుగా ఏదో అంది. మళ్ళీ నవ్వు.

ఆ తర్వాత, నెమ్మదిగా, దీర్ఘం తీస్తూ—

"గ్వెండా... ఆ..."

గ్వెండా ఉన్నచోటే చతికిలబడింది. చిన్నప్పుడు మానేసిన ప్రార్థన గుర్తు చేసుకోబోతే, మొదటి ముక్క దగ్గరే ఆగిపోయింది.

"గ్వెండా... కిందికి రా..."

"రాను," అంది గ్వెండా సన్నగా.

"రావాలి పిల్లా! తలుపు దిబ్బకి అవతల పక్కనుంది. వస్తూ వస్తూ ఆ క్లిఫ్‌ని తీసుకురా. ఈ బీరువా నా ఒక్కదాని వల్ల కావట్లేదు."

 గ్వెండా గొట్టం మీద నోరు పెట్టి అరిచింది. "మెర్ల్! మీరు బతికే ఉన్నారా?"

"నేనూ బతికే ఉన్నాను, మీ మిర్కో కూడా బతికే ఉన్నాడు. కబుర్లు తర్వాత!"

క్లిఫ్‌ని లేపబోతే పన్నెండు మందిలో మిగిలిన పదకొండు మందీ లేచారు. పైజామాల్లో, శాలువాల్లో, ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని, గాడి వెంట రైలుబండిలా వెళ్ళారు. దిబ్బకి అవతల రేకు తలుపు. లోపల దీపం, మంచం, టమాటా డబ్బాలు, మెర్ల్ పొయ్యి మీద పెట్టిన టీ గిన్నె... నేల మీద, ఒరిగిపడిన ఇనప బీరువా కింద కాలు ఇరుక్కుని, ఎనభై ఒక్కేళ్ళ తెల్లగడ్డం ముసలాయన. పక్కన మెర్ల్ అతని నాడి పట్టుకుని కూర్చుంది.

గ్వెండాని చూడగానే ఆయన మోచేతి మీద లేచాడు.

"నువ్వేనా! నిన్న పొద్దున్నించీ అరుస్తున్నానమ్మా. నిన్న రాత్రి ఇంకో బస్సు వచ్చింది, కాపాడండి అని అరిచాను. చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు! ఇవాళ నువ్వొచ్చావు. మాటకి ఓపిక లేక మూలిగాను. 'ఇంకొక్కసారి' అన్నారు!"

క్లిఫ్ మొహం కిందికి దించుకున్నాడు.

సంగతేమిటంటే, గోతి కూలిన రోజు మిర్కో అసలు ఊళ్ళోనే లేడు. చేపల పడవల్లో పనికి తీరానికి పోయాడు. ముసలితనంలో, ఆరేళ్ళ కిందట తిరిగొచ్చి, కూలగా మిగిలిన పక్కగదిలో చేరాడు. ఒక రాత్రి తల మీదుగా తన చావు కథ వినపడింది. మొదట కోపమొచ్చింది. తర్వాత సరదా పుట్టింది. గొట్టం దగ్గర కుర్చీ వేసుకుని, సమయానికి మూలగడం మొదలెట్టాడు. ఊళ్ళో అందరికీ తెలుసు, గ్వెండాకి తప్ప. దెయ్యం ఉంటే బస్సులొస్తాయి, బస్సులొస్తే బారు నిండుతుంది. ఎవరు చెప్తారు?

"మీరెలా కనుక్కున్నారు?" అనడిగింది గ్వెండా, మెర్ల్‌ని.

"మూలుగు చివర ఊపిరి తెగుతోంది, పిల్లా. నిద్ర పట్టలేదు. వెళ్ళి గొట్టంలో అడిగాను, 'నాయనా, నీ తలుపెక్కడ?' అని. చెప్పాడు. అంతే."

పంతొమ్మిదేళ్ళలో ఆ గొట్టాన్ని ఎవరూ ఏమీ అడగలేదని గ్వెండాకి అప్పుడు తట్టింది.

ఆరుగురు కలిసి బీరువా లేపారు. తలుపు ఊడదీసి ఆయన్ని దాని మీద పడుకోబెట్టి, "నువ్వు కాళ్ళ వైపు పట్టు", "నువ్వు తప్పుకో" అని తగువులాడుకుంటూ మోశారు. ఆయన తలుపు మీద పడుకునే, ఎవరు ఎక్కడ అడుగేయాలో కేకలేసి చెప్పాడు. మోసేవాళ్ళకి నవ్వాగక రెండుసార్లు దింపాల్సొచ్చింది.

తెల్లారేసరికి, ఎడారి ఊళ్ళకి తిరిగే డాక్టరు విమానం ఎర్రదుమ్ము లేపుకుంటూ దిగింది. నర్సు కాయితం పట్టుకుని వివరాలు రాసుకుంటోంది. పేరు చెప్పాడు. వయసు చెప్పాడు.

"మీకు దగ్గరి బంధువులు ఎవరండీ?"

 మిర్కో చెయ్యెత్తి గ్వెండాని చూపించాడు.

"ఈవిడ. పంతొమ్మిదేళ్ళుగా మానకుండా నా పేరు తలుచుకుంటున్నది ఈవిడొక్కతే."

నర్సు కలం ఆపి గ్వెండా వైపు తిరిగింది. గ్వెండా ముక్కు తుడుచుకుని, తన ఫోన్ నంబరు చెప్పింది.