పద్నాలుగు చక్కెర పలుకులు

మణిపర్తి రాజ్యంలో మూడు రోజులుగా ఎవరి కంటికీ నిద్ర లేదు. చిన్న రాకుమారి లవంగి వేలికి మొగలి ముల్లు గుచ్చుకుంది. కారడం మొదలైన నెత్తురు ఆగడం లేదు. రాజవైద్యులు ఏడుగురూ తలపాగాలు సవరించుకోవడం తప్ప చేసిందేమీ లేదు. చెల్లెలి పెదవులు తెల్లబడటం చూసి ఉండబట్టలేక అక్క సౌగంధిక కత్తి తీసుకుని అడవిదారి పట్టింది.

మొసళ్ల మడుగు ఈదింది. ఎలుగుబంటి పంజా దెబ్బ తింది. చివరికి శంఖపాద ముని కాళ్ల మీద పడింది. ఆయన కళ్లు మూసుకుని చూసి, ఇది మంత్రగత్తె శాపమన్నాడు. లవంగి కాలేయంలోని ప్రతి కణంలోనూ ఒక కార్ఖానా ఉందట. నెత్తురును ఆపే పోగులు అక్కడే తయారవుతాయట. ప్రతి పోగుకూ పద్నాలుగు చక్కెర పలుకుల గుత్తి అతికించాలట. ఆ పలుకుల్లో ఒక రకం అసలు దొరక్కుండా చేసింది శాపం. ఒక్క కణంలో శాపం విడితే అన్నింటిలోనూ విడుతుందని చెప్పి, ముని ఆ రకం చక్కెర మూట ఆమె చేతిలో పెట్టాడు. ఆమెను ఆవగింజలో వెయ్యోవంతుగా మార్చి చెల్లెలి కాలేయ కణంలోకి పంపేముందు ఒక్క మాట అన్నాడు.

"చెల్లెలి గుండె చప్పుడు వింటూ ఉండు తల్లీ. అది ఆగేలోపు పని కావాలి."

మూట చూడగానే కణంలోని పనివాళ్లు లేచారు. గుత్తులు కట్టి, పుడుతున్న పోగులకు చకచకా అతికించారు. సౌగంధికకు ప్రాణం లేచివచ్చింది. అంతలో కార్ఖానా ద్వారం దగ్గర ఒక ముసలి రాక్షసుడు కత్తెరతో గుత్తుల చివరి పలుకులను కత్తిరించి పారేస్తూ కనిపించాడు. మంత్రగత్తె మనిషి వీడేననుకుని ఆమెకు ఒళ్లు మండిపోయింది. వెనక నుంచి దూకి, కత్తెర లాక్కుని, అతణ్ణి స్తంభానికి కట్టేసింది.

అంతే, పోగులు ఆగిపోయాయి. ఒకదాని మీద ఒకటి పడి కుప్పలయ్యాయి. ఎంత నెట్టినా ద్వారం దాటవు. గుండె చప్పుడు తడబడుతోంది.

"తాతా, ఏం చేస్తే ఇవి కదులుతాయి?" అంది, కట్టేసిన ముసలివాడి వైపు తిరిగి.

"నేను దొంగను కాను తల్లీ," అన్నాడతను. "పోగు సరిగ్గా మడతపడిందో లేదో చూసేవాణ్ణి. చివరి మూడు పలుకులూ తీసేస్తేనే దానికి సెలవు. నువ్వు కాపాడాలనుకున్న ఆ పలుకులే దాన్ని ఇక్కడ పట్టి ఉంచుతున్నాయి."

ఆమె కట్లు విప్పి కత్తెర తిరిగిచ్చింది. ముసలివాడు పోగులను తడిమి చూసి కత్తిరించసాగాడు. వంకరగా ఉన్నవాటికి మళ్లీ ఒక పలుకు అతికించి వెనక్కి పంపాడు. గుండె ఒకసారి కొట్టుకుని చాలాసేపు ఊరుకుంది. వంకరవైనా సరే వదిలేయమని ఆమె అతని కాళ్లు పట్టుకుంది. వంకర పోగు నెత్తురును ఆపలేదని, తలైనా ఎత్తకుండా చెప్పాడతను. చేసేదిలేక ఆమె ఏడుస్తూనే పోగుల మడతలు సరిచేయడానికి కూర్చుంది.

ఎన్ని సరిచేసిందో తెలియదు. పోగుల వరద ఒక్కసారిగా ద్వారం దాటి నెత్తుటిలో కలిసింది, ఆమెను కూడా లాక్కుపోయింది. మూసుకుపోతున్న గాయంలోంచి ఆఖరి చుక్కతో బయటపడి, మంచం పక్కన మామూలు మనిషై కూలబడింది.

లవంగి మెల్లగా కళ్లు తెరిచింది.

"అక్కా, ఆకలేస్తోంది."

సౌగంధిక అన్నం కలిపి ముద్ద ఎత్తింది. చెయ్యి వణికి ముద్ద జారిపోయింది, రెండోదీ జారిపోయింది. అప్పుడు చెల్లెలే ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని తన నోటిదాకా తెచ్చుకుంది. ఆ తర్వాత లవంగి మణిపర్తిని అరవై ఏళ్లు ఏలింది, అక్కను పక్కన కూర్చోబెట్టుకుని.