కనకం రెండో ఆట

మధ్యాహ్నపు ఆట వదిలారు. కళాభవనం తలుపులు తెరుచుకోగానే కాలేజీ పిల్లలంతా బయటికొచ్చి, అలవాటు ప్రకారం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఎదురుగా ఉన్న గోడవైపు తిరిగి నిలబడ్డారు. గోడమీద వాళ్ళ పేర్లున్నాయి. ప్రతి పేరు పక్కనా ఒక స్పందనరేఖ. ఎవరి గీత ఎంత లేచింది, ఏ సన్నివేశం దగ్గర లేచింది, ఎక్కడ పడిపోయింది, అన్నీ అక్కడే తెలిసిపోతాయి. సినిమా ఎలా ఉందిరా అని పక్కవాణ్ణి అడిగే రోజులు ఎప్పుడో పోయాయి. అడిగితే వాడు వింతగా చూస్తాడు, గోడమీద ఉంది కదా అన్నట్టు.

విశాఖపట్నంలో ఇప్పుడు చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు. ఈల వేసేవాళ్ళు అసలే లేరు. చెవి వెనక అంటించుకునే వేలెడు పట్టీ ఒకటి, దాని పేరు స్పందిని, మనిషి లోపల జరిగేదాన్నంతా గీతగా గీసి చూపెడుతుంది. నాటకానికీ అదే, పాటకచేరీకీ అదే, బీచి రోడ్డు గోడమీద ఎవరైనా బొమ్మలేసినా అదే. మెచ్చుకోవడానికి నోటితో పనిలేకుండా పోయింది. హమ్మయ్య, మొహమాటాలు తప్పాయి, బాగాలేనిదాన్ని బావుందని చెప్పే బాధ తప్పింది అని అందరూ సంతోషించారు. ఏం సుఖమో, ఏం పాడో!

అది పనిచేసే తీరు సులువే. లోపలికి వెళ్ళేటప్పుడు గడప మీద కాసేపు ఆగాలి. అప్పటికి మనసు ఏ స్థితిలో ఉందో స్పందిని చూసుకుంటుంది. దాన్ని ఆదిమట్టం అంటారు. ఆ మట్టం నుంచి మనసు ఎంత కదిలితే గీత అంత లేస్తుంది. ఇంట్లో పోట్లాడి వచ్చినవాడి కోపం సినిమా ఖాతాలో పడకూడదు కదా, అందుకని ఆ ఏర్పాటు. చేసినవాళ్ళు తెలివైనవాళ్ళే, కాదనలేం.

దీనికి ఆ కాలేజీ పిల్లలు సొంతంగా ఒక ఆచారం తగిలించుకున్నారు. వెనకటి కవులు కావ్యాన్ని ఎవరికో ఒకరికి అంకితమిచ్చేవారట. వీళ్ళు సినిమాని అంకితమిస్తారు. అంకితం పుచ్చుకున్న మనిషి మొదటి ఆటకి ముందు వరసలో, మధ్య కుర్చీలో కూర్చోవాలి. ఆ మనిషి గీత లేస్తే సినిమా నిలిచినట్టు. లేవకపోతే తీసినవాడే తన చేత్తో దాన్ని తుడిచెయ్యాలి, అందులో వాడిన ముడిచిత్రాలు, అంటే కత్తిరించని అసలు బొమ్మలు, వాటితో సహా. ఎవరూ బలవంతం చెయ్యరు. కానీ తుడవనివాణ్ణి ఆ తర్వాత ఎవరూ ఖాతరు చెయ్యరు. ఆ వయసులో పరువంటే ప్రాణం కదా.

ఆ రోజు ఆడింది పైడిరాజు తీసిన ‘కనకం’. కనకం అతని అక్క. రెండేళ్ళ కిందట విషజ్వరం వచ్చి, అదే కాలేజీలో చదువుతూ చదువుతూ పోయింది. అంకితం పుచ్చుకున్నది ఇందుమతి. కనకం, ఇందుమతి ఒకే బెంచీ, వానొస్తే ఒకే గొడుగు, ఏ కొత్త సినిమా వచ్చినా ఇద్దరికీ పక్కపక్క సీట్లు. కనకం పోయాక ఇందుమతి సినిమాలు చూడడం మానేసింది.

పోయినవాళ్ళ దొంగబొమ్మలు తయారుచేసి అమ్ముకునే పాపిష్టివాళ్ళు ఎక్కువయ్యాక, చనిపోయిన మనిషి అసలు చిత్రాలకి ఒక్క ప్రతే ఉండాలని చట్టం వచ్చింది. అందుకని కనకం కదిలే బొమ్మలు, మాటలు, తల్లి సత్యవతి ఫోనులో ఉన్నవీ ఇందుమతి దాచుకున్నవీ, అన్నీ పైడిరాజు సినిమాలోకే వెళ్ళిపోయాయి. ఇంకెవరి దగ్గరా ఏమీ మిగల్లేదు. ఇచ్చేటప్పుడు ఇందుమతికి ప్రాణం ఒప్పలేదు. నా దగ్గరుంటే నేనొక్కదాన్నే చూస్తాను, నీ దగ్గరుంటే అందరూ చూస్తారులే అని మనసు రాయి చేసుకుని ఇచ్చింది.

అంకితం అడగడానికి వచ్చినప్పుడు పైడిరాజు పెద్దగా ఏమీ మాట్లాడలేదు.

“ఇందక్కా, నా మీద జాలితో గీత లేపకు,” అన్నాడు. “అక్క అందులో నిజంగా ఉందో లేదో నీకే తెలుస్తాది. నువ్వు లేదంటే లేనట్టే.”

గీత లేపే చిట్కాలు పిల్లలందరికీ తెలుసు. తొడపాశం పెట్టుకుంటారు, చచ్చిపోయిన పెంపుడుకుక్కని తలుచుకుంటారు. అలాంటివేవీ చెయ్యనని ఇందుమతి మాటిచ్చింది.

ఆట రోజు పొద్దున్న లేచింది మొదలు ఆమె ఏడుస్తూనే ఉంది. కాఫీ తాగుతూ ఏడిచింది, తల దువ్వుకుంటూ ఏడిచింది. ఇవాళ కనకం గొంతు వింటాను అనుకుని మళ్ళీ ఏడిచింది. కళాభవనం మెట్లెక్కేసరికి దుఃఖం అంచుదాకా నిండింది. గడప దగ్గర సత్యవతి కనిపించింది. పోర్టు ఆఫీసులో సెలవు పెట్టి వచ్చిందట. ఆవిడ కళ్ళూ వాచి ఉన్నాయి. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గడప మీద ఆగారు. స్పందిని తన పని తాను చేసుకుంది.

సినిమాలో కథంటూ ఏమీ లేదు. ముందు సముద్రం. తర్వాత బస్సు కిటికీలో కనకం. తర్వాత ఇంట్లో గ్యాసు పొయ్యి దగ్గర తమ్ముణ్ణి తిడుతూ కనకం, పరీక్షకి ముందు చదవకుండా గోరింటాకు పెట్టుకుంటూ కనకం. ఆఖర్న బీచిలో ముంతమసాలా తింటూ, కెమెరా మీదికొస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి, “ఒరే ఆపరా, నోట్లో ఉంది,” అని నవ్వుతుంది. ఆ నవ్వు మీదే తెర చీకటైపోతుంది.

ఇందుమతి ఇంక అక్కడ ఉండలేకపోయింది. పక్క తలుపులోంచి బయటపడి, స్పందిని పీకి సంచిలో పడేసి, ఎవరికీ కనపడకుండా బీచికి నడిచింది. చీకటి పడేదాకా ఇసకలో కూర్చుంది. ఎంత ఏడుపొచ్చినా రెండేళ్ళ తర్వాత గుండె కొంచెం తేలికయినట్టుంది. కనకాన్ని మళ్ళీ చూసింది. అది అచ్చం అలాగే ఉంది. పైడిరాజుని పట్టుకుని ఒక్క మాట చెప్పాలని మాత్రం ఆమెకి తట్టనే లేదు. చెప్పడానికేముంది? గోడమీద ఉంటుంది కదా.

గోడమీద ఏముందో ఆమె మర్నాడు చూసింది. కాలేజీ సినిమా ఉత్సవంలో సినిమా నిలిస్తే రెండో రోజు రెండో ఆట వేస్తారు. ఆ ఆట కోసం ముందుగానే వచ్చింది. కనకం మొహం ఎన్నడూ ఎరగని మొదటి సంవత్సరం పిల్లల గీతలు కూడా నిలువునా లేచి ఉన్నాయి. లేవనివి రెండే. ఒకటి సత్యవతిది. రెండోది తనది. మొదటినుంచి చివరిదాకా బల్ల మీద దారం పరిచినట్టు ఉంది.

భవనం చూసుకునే ప్రభాకరం మాస్టారు ఎదురొచ్చి, ఏమ్మా, అంత నచ్చలేదా అని నొచ్చుకుంటూ అడిగారు. ఇందుమతి తల అడ్డంగా ఊపింది. యంత్రం తప్పు చేసింది, చూడండి మాస్టారూ అని బతిమాలింది. ఆయన లోపలికి తీసుకెళ్ళి ఆమెదీ సత్యవతిదీ ఆదిమట్టాలు తెరిచి చూశారు.

“యంత్రం తప్పు చెయ్యలేదమ్మా,” అన్నారు. “నువ్వు గడప మీదే శిఖరాన ఉన్నావు. మీరిద్దరూ. ఇంక లేవడానికి పైన చోటేది?”

దుఃఖం కొత్తగా కలిగినవాళ్ళకి గీత లేచింది. దాన్ని ఇంటినుంచే మోసుకొచ్చినవాళ్ళకి లేవలేదు. స్పందిని చేసిన అంత తెలివైనవాళ్ళకి ఈ చిన్న సంగతి తట్టలేదు మరి.

పైడిరాజు భవనం వెనక మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మొహం పీక్కుపోయింది. ఇందుమతి పరుగున వెళ్ళి అతని పక్కన కూలబడి, రొప్పుతూనే అంతా చెప్పింది. గడప సంగతి, ఆదిమట్టం సంగతి, మాస్టారన్న మాట. అంతా విన్నాక సముద్రంవైపు చూస్తూ మాట్లాడాడు.

“అమ్మది కూడా లేవలేదక్కా. నీదొక్కటే అయితే ఏదోలే అనుకుందును. మీ ఇద్దరికీ లేవలేదంటే, అది అక్క కాదు, నాను తీసిందేదో ఉత్త బొమ్మ అనుకున్నాను.”

“కనకమేరా. ఆ చెయ్యి అడ్డం పెట్టడం కూడా దానిదే. నేనే తట్టుకోలేక బయటికెళ్ళిపోయాన్రా.”

“మరి నిన్న సెప్పలేదేటి?” అన్నాడు పైడిరాజు. అతని గొంతులో కోపం లేదు. “బావుందని అక్కర్లేదు. కనకమే అని ఒక్క మాటంటే సరిపోయీది.”

చెప్పడం మానేసి ఎన్నాళ్ళయిందో, ఇందుమతికీ ఊరికీ కూడా.

“సినిమా ఏదిరా?” అంది, అడగడానికి భయపడుతూనే.

“తుడిచీసేను.”

“ముడిచిత్రాలు?”

“అవీ.”

ఇందుమతి అతని తల గుండెకి అదుముకుంది. వాడు చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడిచాడు. ఆమె కూడా ఏడిచింది. పైన కళాభవనం గంట మోగింది. సినిమా ఉన్నా లేకపోయినా గంట దాని వేళకి మోగుతుంది.

లోపలికి వెళ్ళేసరికి ముందు వరసలో మధ్య కుర్చీలో సత్యవతి కూర్చుని ఉంది. ఆవిడకి గోడ చూసే అలవాటు లేదు, అంకితాల సంగతీ తెలియదు. రెండో ఆట ఉంటుందని మాత్రం ఎవరో చెప్పారు. ఆఫీసునుంచి సగం పూట సెలవు పెట్టి, ఇస్త్రీ చీర కట్టుకుని, ఒళ్ళో ముంతమసాలా పొట్లం పెట్టుకుని వచ్చింది. చెవి వెనక స్పందిని లేదు. మర్చిపోయిందేమో.

“ఆట యెయ్యి రాజూ,” అంది కొడుకుని చూసి. “నిన్న సరిగ్గా సూణ్ణేదురా. కళ్ళకి నీళ్ళు అడ్డొచ్చీసేయి. ఇయ్యాల ఏడవకుండా సూస్తాను.”

పైడిరాజు గోడకి ఆనుకుని అలాగే ఉండిపోయాడు. ప్రభాకరం మాస్టారు దీపాలు తగ్గించడమా మానడమా తెలియక, చివరికి తగ్గించారు. ఎదురుగా తెర తెల్లగా ఉంది.

ఇందుమతి వెళ్ళి సత్యవతి పక్క కుర్చీలో కూర్చుని ఆవిడ చెయ్యి తీసుకుంది. జరిగింది చెప్పాలనే కూర్చుంది. నోరు తెరిస్తే వేరే మాటలొచ్చాయి.

“ముందు సముద్రం వస్తుందమ్మా,” అంది. “ఎవరూ ఉండరు. తర్వాత బస్సులో కనకం, కిటికీ పక్కన. జుట్టు మొహం మీద పడుతూ ఉంటుంది.”

సత్యవతి తెరవైపే చూస్తూ తలూపింది. ఇందుమతి గ్యాసు పొయ్యి చెప్పింది, గోరింటాకు చెప్పింది. ఏదీ వదిలిపెట్టలేదు. బీచి దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్ళకీ నీళ్ళు అడ్డొచ్చాయి. అయినా ఆపలేదు.

“చెయ్యి అడ్డం పెట్టి అంటుందమ్మా, ‘ఒరే ఆపరా, నోట్లో...’”

సత్యవతి ఆమె చేతిని మెల్లిగా నొక్కింది. చూపు తెర మీంచి తిప్పలేదు.

“నువ్వు సెప్పకమ్మా,” అంది. “దాన్నే సెప్పనీ.”