రెండు వందల వోల్టుల చివరి సీను

"ఈసారి నువ్వు తిరిగొస్తావన్న ఆశ లేదు. టీ తాగి వెళ్ళు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ నక్క తాగాడు. వద్దంటే మానేసే ఉద్యోగమా అది?

నాటకశాలలో విదేశీ ముఠా బాంబు పెట్టింది. ఆట ఆపితే ముఠా జారుకుంటుందని, ఆపొద్దని పైవాళ్ళ ఆర్డర్. ముఠాలో ఉంటూ మనకు కబురందిస్తున్నది ఆ నాటకంలో కథానాయిక.

"మీ ఆవిడే," అన్నాడు చీఫ్.

"ఒకప్పుడు లెండి."

నెరిసిన మీసం అంటించుకుని నక్క లైట్ల గదిలో పనికి చేరాడు. లైట్‌మేన్ కలుపుగోలు మనిషి. గుండ్రటి వేరియబుల్ ట్రాన్స్‌ఫార్మర్‌ను పసిపిల్లలా నిమిరాడు.

"ఇనుప రింగుకు చుట్టిన ఒకే రాగితీగ, బావగారూ. దానిమీద ఈ బొగ్గు బ్రష్ జరుగుతుంది. ఎన్ని చుట్లు దాటితే అంత వోల్టేజి. లైట్లకే కాదు, హీటర్లకీ, మోటార్లకీ వాడతారు. పాత రేడియోకి కరెంటు కొంచెం కొంచెం పెంచుతూ మెల్లగా లేపాలన్నా ఇదే."

అంత ముద్దుగా చెప్పిన మనిషిని ఎవరనుమానిస్తారు, పాపం.

లైట్‌మేన్ టీకి వెళ్ళగానే ఒకప్పటి ఆవిడ వచ్చింది.

"దగ్గుమందుందా?"

"తేనె కలిపిందుంది."

కోడ్ సరిపోయింది. "బాంబు స్టేజి కింద. లైట్ల లైనుకే కట్టారు. రెండు వందల వోల్టులు దాటితే పేలుతుంది. చివరి సీనుకి ఫుల్ లైట్."

"స్టేజి ఎక్కకు."

"ఎక్కకపోతే ఇక్కడే కాల్చేస్తారు. అయినా నా నాటకం ఒక్కటైనా చూశావా నువ్వు?"

ఆమె వెళ్ళింది. బయట గడియ పడింది. వేసింది లైట్‌మేనే.

చివరి సీను మొదలైంది. మీటరు ముల్లు దానంతటదే లేస్తోంది. నక్క నాబ్‌ను వెనక్కి తిప్పాడు. అది ఊరికే గిర్రున తిరిగింది. స్క్రూ తీసేశారు. అడుగున చిన్న మోటారు బ్రష్‌ను జరుపుతోంది. మెయిన్ స్విచ్ గడియకు అవతల.

నూట అరవై. నూట ఎనభై. కిటికీలోంచి చూస్తే ఆమె ముఖం వెలిగిపోతోంది.

ట్రాన్స్‌ఫార్మర్ మీది ఇనుప జాలీ పీకి, బ్రష్‌ను చెక్క స్కేలుతో పొడిచాడు. స్కేలు విరిగింది. ఆ తీగ ఎక్కడ తగిలినా మెయిన్ కరెంటు తగిలినట్టే. తెలిసే చెయ్యి పెట్టాడు. ముల్లు రెండు వందల గీతను ముట్టుకోబోతుండగా బొగ్గుముక్క ఊడొచ్చింది.

స్టేజి చీకటైపోయింది.

ఆమె గడియ తీసి లోపలికొచ్చి, నల్లబడిన అతని వేళ్ళకు గుడ్డ చుట్టింది. "లైట్‌మేన్ దొరకలేదు. ఇక నన్ను బతకనివ్వరు," అంది.

"నన్ను మాత్రం?"

తలుపు తోసుకుని మేనేజరు వచ్చాడు, మొహం చేటంత చేసుకుని. "చీకటి చెయ్యడం ఎవరి ఐడియా అయ్యా? జనం లేచి నిలబడి చప్పట్లు. రేపూ అక్కడే ఆర్పేయండి."