జెరేనియంకి పొద్దుటెండ

“మీ ఇంటి పొద్దుటెండ కాస్త అద్దెకిస్తారా?”

బందరులో పక్కవాటా అమ్మాయి వర్షిణి, గోడ మీదుగా జయకృష్ణను మొదటిసారి పలకరించిన మాట అది. కాలేజీ టూర్‌లో ఊటీ నుంచి జెరేనియం మొక్క తెచ్చుకుంది. వాళ్ళ అరుగు పడమటి ముఖం. మధ్యాహ్నం ఎండకి ఆకులు మాడుతున్నాయి. జయకృష్ణ వాళ్ళ పెరట్లో ఉదయం ఎండ, ఆపైన నీడ.

“నీళ్ళు రోజూ పొయ్యకండి. మట్టి ఆరాకే. లేకపోతే వేరు కుళ్ళిపోద్ది.”

“చిత్తం. ఇంకేమన్నా ఆజ్ఞా?”

“మాట్లాడుతూ నిలబడకుండా ఎండలో పెట్టండి.”

పొద్దున ఇవ్వడం, సాయంత్రం తీసుకోవడం. జయకృష్ణ తెల్లారకుండానే తల దువ్వుకుని గోడ దగ్గర నిలబడేవాడు. కుండీ ఎండలో పెట్టి, చిలకలపూడిలో తమ గిల్టునగల కొట్టుకి వెళ్ళిపోయేవాడు.

కొన్నాళ్ళకు ఆకులు పసుపెక్కాయి.

“నీళ్ళు పోశారు కదూ?”

“మోపిదేవి స్వామి మీద ఒట్టు! చుక్క పొయ్యలేదండీ.”

“మట్టి బురదగా ఉంది. పైగా దేవుడి మీద దొంగ ఒట్లా? రేపట్నుంచి మొక్క పంపను.”

మొక్క రాకపోతే వర్షిణీ రాదు. జయకృష్ణ కుండీ వదల్లేదు.

“ఒక్క రేపు పంపండి. దొంగని పట్టిస్తాను.”

మర్నాడు కొట్టుకి బయల్దేరినట్టే బయల్దేరి, వెనక్కి వచ్చి నూతి చాటున నక్కాడు. గోడకి అవతల వర్షిణి. అతని తల్లి నాగమల్లేశ్వరి స్నానం చేసి వచ్చి, తూర్పుకి తిరిగి, చెంబెత్తి సూర్యుడికి అర్ఘ్యం విడిచింది. ధారంతా జెరేనియం కుండీలోకే!

“అమ్మా!”

“ఏరా, కొట్టుకెళ్ళలా? అర్ఘ్యం నీళ్ళు ఎవరూ తొక్కకూడదు కదా. ఎవరో పుణ్యాత్ములు సరిగ్గా ఇక్కడ కుండీ పెడుతున్నారు.”

పుణ్యాత్ముడు తల గోక్కున్నాడు. ఎండనిచ్చే దేవుడే నీళ్ళెక్కువైతే ఓర్వలేని వేళ్ళనీ పుట్టించాడు. మరి భక్తి ఎటు ఒలకాలి?

వర్షిణి తమ మందారం కుండీ మోసుకుంటూ వచ్చేసింది.

“పిన్నిగారూ, ఇందులో పొయ్యండి. ఎంత పోసినా తాగుద్ది. సూర్యుడికి ఎర్రపూలు ఇష్టం కూడాను.”

నాగమల్లేశ్వరి ఆ పిల్లని చూసింది. జెరేనియంని చూసింది. కొడుకు దువ్విన తల చూసింది.

“ఎనిమిదైనా ముసుగు తియ్యని వెధవ, కోడి కంటే ముందెందుకు లేస్తున్నాడో ఇప్పటికి తెలిసింది. అమ్మాయ్, మీ అమ్మగారు ఇంట్లోనే ఉన్నారా?”

చెంబుతోనే అటు నడిచింది.

జయకృష్ణ గొంతు తగ్గించాడు. “మీకూ ఇష్టమేనా?”

“ముందు మట్టి ఆరనివ్వండి.”

ఆ సాయంత్రం అతను జెరేనియం కుండీ గోడ మీద పెడితే, వర్షిణి ఇటే తోసింది.

“అక్కడే ఉండనివ్వండి. ఎటూ నేనూ వచ్చేదాన్నేగా!”