ప్రాగ్‌లో ఇంకో రెండు రోజులు

బచేలిలో వానాకాలం వచ్చిందంటే ఎర్రనీళ్ళ కాలం వచ్చినట్టే. ఇనుప గని నుంచి దిగే వాగులు ఎరుపు, రోడ్డు ఎరుపు, తీగ మీద ఆరేసిన చీర అంచు కూడా ఎరుపే. మధ్యాహ్నం దాటిందంటే బైలదిల్లా కొండ మీది మబ్బు తాపీగా కాలనీలోకి దిగి, విప్పేసిన పశువులా క్వార్టర్ల మధ్య తిరుగుతూ ఉంటుంది. రామతులసి ఆ మబ్బులోనే కాపురం చేసింది. బొబ్బిలి పక్క పల్లె నుంచి కిరండూల్ రైలెక్కి కొత్త పెళ్ళికూతురుగా వచ్చింది. గనిలో పనిచేసే మొగుడు పోయాక అతని బదులు గని ఆసుపత్రిలో ఆయా ఉద్యోగం ఇచ్చారు. ఆ జీతం మీద ఒక్కగానొక్క కొడుకుని ఇంజనీరుని చేసింది. భయం గియం ఆమెకి తెలియవు. ఎన్ని ప్రాణాలు పోవడం చూసిన మనిషి! దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే, "బతికున్నోళ్ళతోనే తీరిక నేదు" అని కొట్టిపారేసేది.

కొడుకు ఉపేంద్ర గనిలో డంపర్లు బాగుచేసే సెక్షన్‌లో పనిచేసేవాడు. కోడలు భానుశ్రీ విశాఖ పిల్ల, కాలనీ బడిలో టీచరు. పెళ్ళయిన రెండో ఏడు మొగుడూ పెళ్ళాలిద్దరూ యూరప్ టూరుకి పేర్లిచ్చారు. గుంపుగా తీసుకెళ్ళి, గుంపుగా తిప్పి, గుంపుగా తెచ్చి దింపే టూరు. ఆఖరి ఊరు ప్రాగ్. వెయ్యేళ్ళ నాటి ఊరుట, రాజధానిట. అక్కడ ఒక్క పూట నిలబెట్టి విమానం ఎక్కించేస్తారు. ఉపేంద్రకి ఆ ఒక్క పూట చాల్లేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి.

"అందరినీ పోనీ. మనం ఇంకో రెండు రోజులుందాం" అనేవాడు అన్నాల దగ్గర.

"రెండు రోజులు ఏం చూస్తాం?" అనేది భానుశ్రీ.

"ఒక రోజు కోట, వంతెన, గడియారం. ఇంకో రోజు ఏమీ చూడం. నది ఒడ్డున ఊరికే కూచుంటాం."

"ఊరికే కూచోడానికి అంత దూరం ఎందుకు? బచేలిలో కూచోండి. బడి తెరిచే వేళకి నేను ఇక్కడుండాలి."

"దూరపు కొండలు నునుపురా నాన్నా" అని రామతులసి కూడా అందుకునేది. "ఆ రాళ్ళేవో మన కొండ మీద లేవేటి?"

ముగ్గురూ నవ్వుకునేవారు. ఆ నవ్వులే ఆ ఇంటి ఆస్తి.

టూరుకి ఇంకా బయల్దేరకుండానే, వానలు పట్టే ముందు ఉపేంద్రకి జ్వరమొచ్చింది. ఆ అడవిలో జ్వరాలు కొత్త కాదు. కానీ ఇది తలకెక్కింది. వారం తిరక్కుండా మనిషి లేడు. ఎంతమంది తల్లుల్నో పక్కన కూచుని ఓదార్చిన రామతులసికి, తన వంతు వచ్చేసరికి ఒక్క మాటా పనికి రాలేదు.

పదో రోజున దంతెవాడలో రెండు నదులు కలిసే చోట పిండం పెట్టారు. కాకి ముట్టలేదు. కాకులు లేక కాదు, చెట్టు నిండా ఉన్నాయి. అన్నీ ఇటే చూస్తున్నాయి గానీ ఒక్కటీ దిగదు. పోయినవాడికి తీరని కోరిక ఉంటే అంతే, అది తీరుస్తామని పైకి చెప్పాలి. బాబాయి చక్రధరరావు ముందుకొచ్చి "మీ అమ్మ బాధ్యత నాదిరా" అన్నాడు. కాకి కదల్లేదు. రామతులసి కొంగు కప్పుకుని "నీ పెళ్ళాన్ని కడుపున పుట్టినదాన్లా చూసుకుంటాను నాన్నా" అంది. కదల్లేదు. పురోహితుడు ఇక దర్భతో కాకిని చేసి పెట్టేద్దామని లేస్తుంటే, అంతవరకూ నోరు విప్పని భానుశ్రీ లేచి నిలబడింది.

"ప్రాగ్ వెళ్దాం. మీరూ నేనూ. మీరు చాలన్నన్నాళ్ళు ఉందాం" అంది.

ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే రెక్కల చప్పుడైంది. ఒక కాకి దిగి ముద్ద ముద్దంతా ఊడ్చిపెట్టుకుపోయింది.

అందరూ హమ్మయ్య అనుకున్నారు. చక్రధరరావు మాత్రం తిరిగొస్తుంటే మెల్లగా అన్నాడు. "వదినా, పోయినోడి పేరు మీద వెళ్తానని మొక్కుకుంటారు గానీ, పోయినోడితో కలిసి వెళ్తానని ఎవరైనా మొక్కుకుంటారా?"

"చిన్నపిల్ల. తెలీక అనేసింది" అంది రామతులసి. తెలీక పట్టుకున్నా నిప్పు కాలుతుందని ఆమెకి ఆ పూట తోచలేదు, పిచ్చితల్లి.

బడి తెరిచారు. భానుశ్రీ వెళ్ళొస్తోంది. సాయంత్రం కాగానే భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ తెరుచుకుని కూచునేది. ప్రాగ్ పటం, కోట తలుపులు తెరిచే వేళలు, ఏ ట్రామ్ ఎక్కితే ఏ వీధిలో దింపుతుంది, ఇవే. పోనీలే, మనసు మళ్ళుతోంది అనుకుంది అత్తగారు. పిల్ల నాలుగు మెతుకులు తింటోంది, అప్పుడప్పుడూ నవ్వుతోంది కూడా.

ఆ నవ్వే తేడాగా ఉండేది. ఎదురుగా ఉపేంద్ర కూచునే కుర్చీ. దానికేసి చూసి ఏదో అడిగేది. ఆగేది. అవతల మనిషి జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు. తర్వాత నవ్వేది.

"గడియారం కోసం వేరే రోజు పెట్టుకుందాం" అనేది. "గంట కొట్టేది ఎముకల బొమ్మేనా? ... రమ్మని తల ఊపుతుందా? ... పక్క బొమ్మలు మేం రామని తల అడ్డంగా ఊపుతాయా! పాపం."

రెండు రోజులు నాలుగయ్యాయి. నాలుగు వారమైంది. వంతెన మీద తెల్లారడం చూడ్డానికి ఒక రోజు. మంచు పడితే చూడ్డానికి ఒక రోజు. ఊరికే కూచోడానికి ఒక రోజు, మళ్ళీ ఒకటి, మళ్ళీ ఒకటి.

ఒక సాయంత్రం పనమ్మాయి బుధ్రి గిన్నెలు తోముతూ తోముతూ తలెత్తింది. "మెహమాన్ వచ్చారా అమ్మా? లోపల ఎవరో మొగమనిషి మాట్లాడుతున్నాడు."

రామతులసి చెవులు రిక్కించింది. వాన చప్పుడు. కోడలి గొంతు. అంతే.

గుండె గుభేలుమనలేదు, భగ్గుమంది. నా కొడుకు వచ్చాడు. పనమ్మాయికి వినిపించాడు. కన్నతల్లికి వినిపించడా? కొంగు నోట్లో కుక్కుకుని గుమ్మం దగ్గర నిలబడింది. చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

"భానూ... నాతో కూడా ఒక్క మాట మాట్లాడమనవే."

భానుశ్రీ ఆశ్చర్యంగా చూసింది. "మాట్లాడుతూనే ఉన్నారు కదత్తయ్యా. మీకు వినిపించడం లేదా?"

ఆ రాత్రి రామతులసి దిండు తడిసిపోయింది. భయంతో కాదు. కోడలి మీద ఈర్ష్యతో. మర్నాటి నుంచి ఆమే ఆ కుర్చీ ముందు మంచినీళ్ళు పెట్టింది. కాకరకాయ వేపుడు చేసి పెట్టింది. నెత్తీ నోరూ కొట్టుకుని ఆపాల్సిన మనిషి, కడుపుతీపి కొద్దీ చేతులారా పీట వేసింది.

బుధ్రి పనికి రావడం మానేసింది.

జూలై నెలలో ఆ గదిలో చలి మొదలైంది. వాన చలి కాదది. ఎండిన చలి. తడిసిన రాతి వాసన, ఆరిపోయిన కొవ్వొత్తి వాసన. భానుశ్రీ టూరు కోసం కొన్న ఉన్ని కోటు వేసుకుని కూచునేది. చెక్కిళ్ళు పీక్కుపోయాయి. అన్నం మానేసింది.

ఒక సాయంకాలం రామతులసి డ్యూటీ నుంచి వచ్చేసరికి హాల్లో పెట్టె కట్టేసి ఉంది.

"రేపు బయల్దేరుతున్నామత్తయ్యా."

"మళ్ళీ ఎప్పుడొస్తారమ్మా?"

భానుశ్రీ కుర్చీ వైపు చూసింది. ఆగింది. చిన్నగా నవ్వింది.

"తిరుగు టికెట్టు తియ్యలేదు. ఆయన ఇంకా చాలనలేదు."

అప్పుడే కరెంటు పోయింది. మబ్బు కిటికీలోంచి ఇంట్లోకి వచ్చేసింది. రామతులసి దీపం వెలిగించి తెచ్చింది. ఆ వెలుగులో కోడలి చేతులు చూసింది. గోళ్ళు... నీలం.

ఆ నీలం ఆమెకి తెలుసు. ఎన్ని మంచాల పక్కన చూసిందో. మణికట్టు పట్టుకుంది. నాడి చేతికి అందలేదు. మళ్ళీ వెతికింది. ఎక్కడో అడుగున, ఆగి ఆగి, ఒక్కోటి.

రేపు వెళ్ళేది కాదు ఈ పిల్ల. ఇప్పుడే వెళ్తోంది.

"భానూ! లే! నన్ను చూడు!"

భానుశ్రీ చూడలేదు. పెదవులు కదిలాయి. "ఒక్క నిమిషం... వంతెన ఎక్కుతున్నాం..."

టక్... టక్...

రాళ్ళు పరిచిన వీధిలో బూట్ల చప్పుడు. ఇంట్లో నేల సిమెంటుది. చప్పుడు రాళ్ళ మీద.

టక్... టక్...

రెండు జతల కాళ్ళు.

రామతులసి కోడల్ని రెండు చేతులా వాటేసుకుంది. మంచుగడ్డని వాటేసుకున్నట్టుంది. కుర్చీకేసి తిరిగింది. ఖాళీ కుర్చీ. నెలన్నరగా ఆ కుర్చీలో కొడుకు కూచున్నాడని నమ్మి బతికింది. రమ్మనడమే తప్ప పొమ్మనడం ఎరగని నోరు. ఆ నోటితోనే అంది.

"చాలు నాన్నా. తిరిగింది చాలు. దీన్ని వదిలీ. నువ్వు ఎల్లిపో."

టక్... టక్...

"నా మాట వినవా? నీకు పాలిచ్చిన దాన్నిరా... పో. నా ఇంట్లోంచి పో."

చప్పుడు ఆగలేదు. దూరమవుతోంది. వేళ్ళ కింద నాడి కూడా దూరమవుతోంది. ఒకటి... చాలాసేపు ఏమీ లేదు... ఇంకొకటి...

రామతులసి ఏడుస్తూ గొణిగింది. "తోడు నేకపోతే ఉండలేవా? ... అయితే నానొస్తాను. దీన్నొదిలీ. నానొస్తాను."

చప్పుడు ఆగింది.

వానే ఆగిపోయిందా అన్నంత నిశ్శబ్దం. భానుశ్రీ నీళ్ళలోంచి తేలినట్టు గట్టిగా ఊపిరి పీల్చింది. దగ్గింది. చేతులకి మెల్లగా వెచ్చదనం వచ్చింది. కళ్ళు తెరిచి ముందు కుర్చీని చూసింది, తర్వాత అత్తగారిని.

"ఏం చేశారత్తయ్యా?"

"నిన్ను బతికించుకున్నానమ్మా."

"వెళ్ళిపోయారు... వంతెన మధ్యలో నా చెయ్యి వదిలేసి వెళ్ళిపోయారు. వెనక్కి కూడా చూళ్ళేదు." బల్ల మీద తల పెట్టుకుని బావురుమంది. మొగుడు పోయిన ఇన్నాళ్ళకి ఆ పిల్ల ఏడవడం అదే మొదలు. "ఎందుకు పంపేశారు? మీ కొడుకే కదా! ఎందుకు పంపేశారు?"

రామతులసి ఆమె వీపు నిమురుతూ తెల్లవార్లూ కూచుంది.

భానుశ్రీ కోలుకుంది. అన్నం తింటోంది, బడికి వెళ్తోంది. గోళ్ళకి రంగొచ్చింది. అత్తగారితో మాత్రం ముక్తసరిగా రెండు మాటలు, అంతే. ఆ ఇంట్లో ఇప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు, నడుమ ఒక ఖాళీ కుర్చీ. పిల్ల బతికుంది, నా మీద కోపంగానైనా బతికుంది అని రామతులసి సర్దిచెప్పుకునేది. సర్దిచెప్పుకుంటే సరిపోయే బాధా అది?

ఒక ఆదివారం పొద్దున్న వాన తెరిపిచ్చింది. చాన్నాళ్ళకి ఎండ కాసింది. భానుశ్రీ బజారుకి వెళ్ళింది. రామతులసి హాల్లో కూచుని చేటలో బియ్యం ఏరుతోంది. కిటికీలోంచి ఎండ సరిగ్గా ఆమె చేతుల మీద పడుతోంది. పక్క క్వార్టర్లో కుక్కర్ కూతేసింది.

"అమ్మా."

కుర్చీలోంచి. చెయ్యి చాపితే అందేంత దగ్గర నుంచి.

రామతులసి చేతులు ఆగిపోయాయి. నెలల తరబడి ఆ ఒక్క మాట కోసం చెవులు కాయలు కాసేలా ఎదురుచూసింది. ఇప్పుడు విన్నది. విని, కదలకుండా కూచుంది.

అది ఉపేంద్ర గొంతు కాదు.

కన్నతల్లికి తెలియదా? వాడు 'అమ్మా' అంటే చివర కాస్త సాగదీసేవాడు. ఇది సాగలేదు. ఎవరి దగ్గరో విని, నేర్చుకుని, జాగ్రత్తగా పలికినట్టుంది.

"అమ్మా" అంది ఆ గొంతు మళ్ళీ. ఈసారి చివర సాగింది. అచ్చం వాడు సాగదీసినంతే.

లేచి పారిపోవచ్చు. తలుపు తెరిచే ఉంది. వీధిలో ఎండ, మనుషులు. రామతులసి తలుపుకేసి చూసింది. 'నానొస్తాను' అని మాటిచ్చింది తనే. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

"ఆఁ... చెప్పు నాన్నా" అంది.

"ఎన్ని రోజులుందామమ్మా?"

రామతులసి చేట కింద పెట్టి, తన కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంది.